కస్టమ్ యాక్సిళ్లలో సీవీ జాయింట్లు: హైదరాబాద్ కార్ల యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజిన్ శక్తి పెంచుకున్న కార్లకు, ఇంజిన్ మార్చిన పాత కార్లకు, ట్రాక్ కోసమే కట్టుకున్న బండ్లకు కొత్త యాక్సిళ్లు (గేర్‌బాక్స్ నుంచి చక్రానికి శక్తి చేర్చే, రెండు కొసలా సీవీ జాయింట్లుండే షాఫ్టులు) చేయించుకోవాలనుకునేవారు పదే పదే అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇక్కడ ఉన్నాయి. మా వర్క్‌షాపుకు వచ్చేవారిలో ఎక్కువమంది మొదట అడిగేది "ఎన్ని హార్స్‌పవర్ తట్టుకుంటుంది?" అని. ఆ ప్రశ్నకు ముందు అడగవలసినవి మూడున్నాయి: జాయింట్ ఏ కోణంలో తిరుగుతుంది, టైరు ఎంత పట్టు ఇస్తుంది, షాఫ్ట్ పొడవు సరిగ్గా కొలిచారా. కింది సమాధానాలన్నీ ఏదో ఒక విధంగా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

సీవీ జాయింట్ అంటే ఏమిటి? లారీ ప్రొపెల్లర్ షాఫ్టులో ఉండే క్రాస్‌తో పని జరగదా?

తిరుగుతున్న రెండు షాఫ్టులు ఒకే గీత మీద లేకపోయినా, వాటి మధ్య కోణం ఎంతున్నా, మొదటి షాఫ్ట్ తిరిగిన వేగంతోనే రెండోదాన్ని ప్రతి క్షణమూ తిప్పే జాయింటును స్థిరవేగ జాయింట్, వాడుకలో సీవీ జాయింట్, అంటారు. ఇందులో "ప్రతి క్షణమూ" అన్నదే ముఖ్యం. వనస్థలిపురం ఆటోనగర్‌లో ఏ లారీ కింద చూసినా కనిపించే, రెండు షాఫ్టులను ప్లస్ గుర్తు ఆకారపు ముక్కతో కలిపే క్రాస్ జాయింట్ కూడా మొదటి షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే రెండోదాన్ని ఒక చుట్టే తిప్పుతుంది. కానీ ఆ ఒక్క చుట్టులోనే రెండుసార్లు వేగం పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. కోణం 10 డిగ్రీలైతే ఈ హెచ్చుతగ్గులు దాదాపు ఒకటిన్నర శాతమే కాబట్టి ఎవరికీ తెలియవు. అదే 30 డిగ్రీలైతే, నిమిషానికి 1,000 చుట్లు తిరిగే షాఫ్ట్ అవతలి షాఫ్టును 866 నుంచి 1,155 మధ్య ఊగిసలాడిస్తూ తిప్పుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు చక్రం దగ్గర కోణం ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆ ఊగిసలాట స్టీరింగ్ చక్రం మీద, టైరు మీద, గేర్‌బాక్స్ మీద వరుస దెబ్బలుగా పడుతుంది.

రెండు క్రాసులను సమాన కోణాల్లో, సరైన వరుసలో అమరిస్తే మొదటిది చేసిన హెచ్చుతగ్గులను రెండోది సరిచేస్తుంది. లారీల ప్రొపెల్లర్ షాఫ్టులో జరిగేది ఇదే. అయితే ముందు చక్రం స్టీరింగ్‌తో పాటు తిరుగుతూ, సస్పెన్షన్‌తో పాటు పైకీ కిందికీ కదులుతూ ఉంటే ఆ రెండు కోణాలనూ సమానంగా నిలపడం సాధ్యం కాదు.

కోణం మారినా వేగం మారకుండా ఈ జాయింట్ ఎలా పనిచేస్తుంది?

ముందు చక్రాల బయటి వైపు ఎక్కువగా కనిపించేది ఫోర్డ్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా 1920లలో రూపొందించిన పద్ధతి. దాన్ని విప్పితే నాలుగు రకాల భాగాలు బయటపడతాయి. షాఫ్ట్ పళ్ల మీద కూర్చునే లోపలి రేస్, చక్రం హబ్‌తో కలిసి తిరిగే గిన్నె లాంటి బయటి రేస్, వాటి మధ్య గాడుల్లో నడిచే ఆరు ఉక్కు బాల్స్, ఆ బాల్స్ అన్నింటినీ తన కిటికీల్లాంటి రంధ్రాల్లో ఒకే తలంలో పట్టి ఉంచే ఉంగరం లాంటి కేజ్. టార్క్ (తిప్పే బలం) అంతా లోపలి రేస్ నుంచి బాల్స్ ద్వారానే బయటి రేస్‌కు చేరుతుంది.

రెండు షాఫ్టుల మధ్య కోణాన్ని సరిగ్గా సగానికి కోసే తలం ఒకటి ఉంటుంది. టార్క్‌ను అందించే బిందువులన్నీ ఎప్పుడూ ఆ తలంలోనే ఉంటే, జాయింట్‌లో ఇవతలి సగం అవతలి సగానికి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. ప్రతి బాల్ రెండు షాఫ్టుల అక్షాల నుంచీ సమాన దూరంలో ఉంటుంది కాబట్టి ఒకటి ఎంత వేగంగా తిరిగితే రెండోదీ అంతే వేగంగా తిరగక తప్పదు. కోణం 5 డిగ్రీలైతే బాల్స్ తలం రెండున్నర డిగ్రీలు, 40 డిగ్రీలైతే 20 డిగ్రీలు వంగాలి.

బాల్స్‌ను ఆ తలంలోకి నెట్టేది గాడుల ఆకారమే. లోపలి రేస్ గాడుల వంపు కేంద్రాన్ని జాయింట్ కేంద్రానికి ఒక పక్కకు, బయటి రేస్ గాడుల వంపు కేంద్రాన్ని అంతే దూరం రెండో పక్కకు జరిపి చెక్కుతారు. అందువల్ల ఎదురెదురు గాడుల మధ్య సందు ఒక కొసన వెడల్పుగా, రెండో కొసన ఇరుకుగా ఉండి, బాల్‌ను వెడల్పు వైపుకు తోస్తుంది. ఆ తోపును కేజ్ కిటికీల అంచులు ఆపుతాయి. ఈ చివరి సంగతిని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే శక్తి పెంచిన కార్లలో సాధారణంగా మొదట పగిలేది బాల్ కాదు, రేస్ కాదు, కేజ్. టార్క్ తోపునూ, కోణం పెరిగే కొద్దీ పెరిగే పక్క బలాన్నీ ఆ సన్నని ఉంగరమే భరించాలి.

ఈ తరహా జాయింట్ 45 డిగ్రీలకు పైగా కూడా వంగగలదు. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీ కారుతో ఇది చిన్న కార్లలో విరివిగా వాడుకలోకి వచ్చింది. మన దేశంలో అంబాసిడర్, పద్మిని వంటి వెనుక చక్రాల బండ్ల తరువాత 1983లో మారుతి 800 రావడంతోనే వీధి మెకానిక్‌లకు సీవీ జాయింట్‌తో రోజువారీ పరిచయం ఏర్పడింది.

ఒకే యాక్సిల్‌కు లోపల ఒక రకం, బయట ఒక రకం జాయింట్ ఎందుకు?

బయటి జాయింట్ స్టీరింగ్ కోణాన్ని భరించాలి, అందుకే అది ఎక్కువ వంగుతుంది కానీ పొడవు మారదు. సస్పెన్షన్ పైకీ కిందికీ కదిలినప్పుడు గేర్‌బాక్స్‌కూ హబ్‌కూ మధ్య దూరం మారుతుంది. ఆ మార్పును లోపలి జాయింట్ లోపలికీ బయటికీ జారుతూ సర్దుకోవాలి. అందుకు ఎక్కువగా వాడేది ట్రైపాడ్, అంటే మూడు కాళ్ల మీద మూడు రోలర్లు ఉండి, మూడు నిలువు గాడులున్న కప్పులో జారేది. ఇది సుమారు 25 డిగ్రీల వరకే వంగుతుంది కానీ జారడంలో దీనికి రాపిడి తక్కువ.

రెండో రకం క్రాస్ గ్రూవ్. ఇందులో ఆరు బాల్స్ ఉంటాయి. లోపలి రేస్ గాడులు ఒక వైపుకు, బయటి రేస్ గాడులు దానికి ఎదురు వైపుకు ఏటవాలుగా ఉంటాయి. ఎదురు వాలు గాడులు ఒకదాన్నొకటి దాటే చోటే బాల్ నిలుస్తుంది కాబట్టి సగం కోణపు తలం తనంతట తానే ఏర్పడుతుంది. ఫోక్స్‌వాగన్, పోర్షే కార్లలో ఇది దశాబ్దాలుగా ఉంది. ఆట (భాగాల మధ్య వదులు) దాదాపు ఉండదు కాబట్టి వెనుక చక్రాలకు శక్తి వెళ్లే కస్టమ్ కార్లలో మేము దీన్నే మొదట పరిశీలిస్తాము.

గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే కారు అంతా పక్కకు వణుకుతోంది, కొంచెం తగ్గిస్తే ఆగిపోతోంది. ఇది ఇంజిన్ మౌంటింగా, జాయింటా?

మౌంటింగ్ (ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) అరిగినా వణుకు వస్తుంది. అయితే తిన్నని రోడ్డు మీద గట్టిగా వేగం పెంచినప్పుడు మాత్రమే వచ్చి, కాలు తీయగానే పోయే పక్క వణుకుకు లోపలి ట్రైపాడ్‌ను మొదట అనుమానించాలి. కోణంలో తిరుగుతున్న ట్రైపాడ్‌లో మూడు రోలర్లూ గాడుల్లో ముందుకూ వెనక్కూ కదులుతూ, చుట్టుకు మూడుసార్లు షాఫ్టును పొడవు దిశలో తోస్తాయి. టార్క్, కోణం, రాపిడి మూడూ పెరిగితే ఆ తోపు కారు బాడీకి తెలిసేంత అవుతుంది. ఇది జాయింట్ పాడవకపోయినా రావచ్చు. కారును ఎత్తు పెంచినా, దించినా లోపలి కోణం పెరిగి కొత్త జాయింట్‌తోనే వణుకు మొదలైన సందర్భాలు చాలానే ఉంటాయి. అప్పుడు జాయింట్ మార్చడం వృథా ఖర్చు.

ఇంజిన్ టార్క్ రెట్టింపు చేయించాను. యాక్సిల్ కూడా రెట్టింపు బలమైనది కావాలా?

ఇక్కడ ఒక లెక్క వేసుకుంటేనే విషయం తేలుతుంది. ఇంజిన్ 350 న్యూటన్ మీటర్లు, మొదటి గేర్ నిష్పత్తి 3.5, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తరువాత వచ్చే చివరి గేర్ల నిష్పత్తి) 3.9 అనుకుందాం. మూడింటినీ హెచ్చిస్తే దాదాపు 4,780 న్యూటన్ మీటర్లు, అందులో సగం, అంటే సుమారు 2,390, ఒక్కో యాక్సిల్‌కు వస్తుందని కాగితం చెబుతుంది.

కానీ యాక్సిల్ తన అవతలి కొసన టైరు ఎంత పట్టు ఇస్తే అంతే టార్క్ మోయగలదు. ఆ పట్టు దాటితే చక్రం జారి తిరుగుతుంది. ముందు చక్రాల కారు బయలుదేరేటప్పుడు వాటి మీద 600 కిలోల బరువు, మామూలు టైరుకు 0.9 పట్టు గుణకం, 0.3 మీటర్ల వ్యాసార్థం అనుకుంటే రెండు చక్రాలకూ కలిపి సుమారు 1,590, ఒక్కోదానికి 795 న్యూటన్ మీటర్లే అవుతుంది. అదే కారుకు మెత్తని ట్రాక్ టైర్లు వేసి పట్టు గుణకం 1.3 అయితే ఒక్కోదానికి 1,150 దాకా వస్తుంది. అంటే ఇంజిన్‌కు ఎంత ఖర్చు చేసినా, యాక్సిల్ మీద నిలకడగా పడే భారాన్ని పెంచేది టైరు, బరువు. ట్రాక్ టైర్లు కొన్న రోజే యాక్సిల్ గురించి ఆలోచించాలి.

మరి యాక్సిళ్లు ఎందుకు విరుగుతున్నాయి? విరిచేది నిలకడ భారం కాదు, దెబ్బ. వేగంగా తిరుగుతున్న ఇంజిన్, ఫ్లైవీల్‌ల జడత్వమంతా క్లచ్ ఒక్కసారిగా వదిలినప్పుడు షాఫ్ట్ మీద పడుతుంది. చక్రం జారుతూ, అంటుకుంటూ, మళ్లీ జారుతూ ఎగిరితే ఆ దెబ్బ వరుసగా పడుతూనే ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ మీద చక్రం గాల్లోకి లేచి, వేగంగా తిరుగుతూ నేలకు తగిలినప్పుడూ ఇంతే. స్టీరింగ్ తిప్పి ఉంచి గట్టిగా బయలుదేరితే ఇదంతా ఎక్కువ కోణంలో జరుగుతుంది, కేజ్ పగలడానికి అంతకన్నా అనువైన పరిస్థితి లేదు. అందుచేత 500 హార్స్‌పవర్ ఉండి మెల్లగా క్లచ్ వదిలే కారు అసలు యాక్సిల్‌తోనే నడుస్తూ ఉండగా, 200 హార్స్‌పవర్ ఉండి ప్రతి సిగ్నల్ దగ్గరా చక్రం ఎగిరించే కారు యాక్సిల్ విరగడం వింత కాదు. చక్రం ఎగరడాన్ని సస్పెన్షన్ బుష్‌ల దగ్గర ఆపగలిగితే యాక్సిల్ ఖర్చు కొన్నిసార్లు పూర్తిగా తప్పుతుంది.

షాఫ్టుకు ఏ ఉక్కు వాడాలి? బాలానగర్‌లో ఈఎన్24 కడ్డీ కొని లేత్ మీద తీయిస్తే సరిపోదా?

ఈఎన్24 మంచి ఉక్కే, అమెరికన్ లెక్కలో 4340కి దగ్గరిది. సమస్య కడ్డీ వచ్చే స్థితితోనే. దుకాణంలో సాధారణంగా దొరికే టీ స్థితిలో (ఒక మోస్తరుగా గట్టిపరచిన స్థితి) దాని లొంగుబాటు బలం, అంటే శాశ్వతంగా రూపు మారడం మొదలయ్యే ఒత్తిడి, సుమారు 650 నుంచి 700 మెగా పాస్కల్. మెలితిప్పే భారానికి లొంగుబాటు దాదాపు అందులో 58 శాతం దగ్గర, అంటే 390 చుట్టుపక్కల మొదలవుతుంది. మధ్యలో రంధ్రం లేని 28 మిల్లీమీటర్ల షాఫ్ట్ మీద 2,000 న్యూటన్ మీటర్లు పడితే పైపొరలో కోత ఒత్తిడి 464 మెగా పాస్కల్ అవుతుంది. ఆ కడ్డీ 1,700 దగ్గరే శాశ్వతంగా మెలిపడడం మొదలుపెడుతుంది. కాబట్టి లేత్ పని, పళ్లు తీయడం అయ్యాక హీట్ ట్రీట్‌మెంట్ (వేడిచేసి చల్లార్చి గట్టిపరచడం) చేయించడం తప్పనిసరి. బాలానగర్, జీడిమెట్ల ప్రాంతాల్లో ఈ పని చేసేవారున్నారు. ఎంత గట్టిదనం, ఎంత లోతు కావాలో రాతపూర్వకంగా ఇచ్చి, తిరిగి వచ్చాక గట్టిదనాన్ని కొలిపించి తీసుకోవాలి. ఎవరు చేసినా, కొలత కాగితం లేని హీట్ ట్రీట్‌మెంట్‌ను మేము లెక్కలోకి తీసుకోము. పోటీ కార్లకు 300ఎం అనే మరింత బలమైన ఉక్కు వాడతారు. అది ఖరీదైనది, గీత పడితే తట్టుకోదు.

వ్యాసం విషయంలో గుర్తుంచుకోవలసింది ఘనసూత్రం: మెలిక బలం వ్యాసపు ఘనంతో పెరుగుతుంది. 25 నుంచి 28 మిల్లీమీటర్లకు పెంచితే మందం 12 శాతమే పెరుగుతుంది కానీ మెలిక బలం 40 శాతం పెరుగుతుంది. దీన్నే తిరగేస్తే మరో లాభం కనిపిస్తుంది: 28 మిల్లీమీటర్ల షాఫ్టుకు మధ్యలో 14 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే బరువు పావు వంతు తగ్గి, బలం ఆరు శాతం చిల్లర మాత్రమే తగ్గుతుంది.

షాఫ్ట్ నడుము పళ్ల అడుగు వ్యాసం కన్నా కొంచెం సన్నగా ఉండాలి అంటే చాలామంది నమ్మరు. దెబ్బ పడినప్పుడు షాఫ్ట్ తన పొడవంతా కొద్దిగా మెలిపడి ఆ శక్తిని మింగాలి. నడుము లావుగా ఉంటే మెలిక అంతా పళ్లు ముగిసే చోట చేరి, షాఫ్ట్ అక్కడే తెగుతుంది. తెగిన షాఫ్టులను చూస్తే ఇది తెలుస్తుంది. పళ్లు ముగిసే అంచు పదునైన మూలగా ఉన్నవాటిలో పగులు ఆ మూల నుంచే మొదలై, తాడులా మెలితిరిగి లోపలికి వెళుతుంది.

పాత షాఫ్టును కోసి, మధ్యలో ముక్క పెట్టి వెల్డింగ్ చేసి పొడవు పెంచవచ్చా?

చేయకూడదు. వెల్డింగ్ వేడి గట్టిపరచిన పొరను రెండు పక్కలా మెత్తబరుస్తుంది, మధ్యలో పెళుసు చేస్తుంది. తెగిన షాఫ్ట్ ఊరికే కింద పడిపోదు, వేగంగా తిరుగుతూ బ్రేక్ పైపునూ గేర్‌బాక్స్ గోడనూ కొడుతుంది.

కస్టమ్ యాక్సిల్ పొడవు ఎలా కొలవాలి?

కారు మామూలు ఎత్తులో నిలబడి ఉన్నప్పుడు ఒక్కసారి టేపు పెట్టి చూసే కొలత పనికిరాదు. స్ప్రింగ్ తీసేసి, సస్పెన్షన్‌ను జాకీతో పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి, మధ్యలో కొన్ని చోట్ల నిలిపి ప్రతి చోటా గేర్‌బాక్స్ ఫ్లాంజ్ (జాయింట్‌ను బోల్టులతో బిగించే పళ్లెం) నుంచి హబ్ వరకు కొలవాలి. దూరం ఎక్కడ అతి తక్కువో అది ముందుగా ఊహించలేము. చాలా కార్లలో షాఫ్ట్ అడ్డంగా ఉండే స్థితికి దగ్గరలో అతి తక్కువ అవుతుంది కానీ ఆర్మ్‌ల పొడవులను బట్టి మారుతుంది. ముందు చక్రాలైతే ఈ కొలతలన్నీ స్టీరింగ్ రెండు వైపులా తిప్పి మళ్లీ తీయాలి.

అతి తక్కువ దూరం దగ్గర లోపలి జాయింట్ అడుగుకు ఇంకా కొన్ని మిల్లీమీటర్లు ఖాళీ మిగలాలి, అతి ఎక్కువ దూరం దగ్గర రోలర్లు లేదా బాల్స్ గాడి అంచు దాటకూడదు. పొడవు ఎక్కువైతే షాఫ్ట్ అడుగుకు తగిలి, ఒక్కో గుంతకూ డిఫరెన్షియల్ బేరింగ్‌ను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. తక్కువైతే ట్రైపాడ్ కప్పులోంచి బయటికి వచ్చేస్తుంది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కదులుతుందని, లెక్కలో దానికీ చోటివ్వాలని మరచిపోకూడదు. కొలతలు తీసేవారు స్ప్రింగ్ ఉంచే పని ముగించారంటే ఆ కొలతలతో షాఫ్ట్ చేయడానికి మేము ఒప్పుకోము.

కారును కిందికి దించాను. జాయింట్లకు ప్రమాదమా?

తప్పకుండా ప్రమాదమే అని చెప్పలేము. చాలా కార్లు కంపెనీ నుంచి వచ్చినప్పుడు షాఫ్ట్ చక్రం వైపు కొంచెం కిందికి వాలి ఉంటుంది. కొద్దిగా దించితే అది అడ్డంగా మారి కోణం తగ్గుతుంది కూడా. ఆ గీత దాటి ఇంకా దించితేనే కోణం ఎదురు వైపు పెరుగుతుంది. రెండు జాయింట్ల కేంద్రాల మధ్య దూరం 350 మిల్లీమీటర్లు, ఎత్తులో తేడా 40 మిల్లీమీటర్లు అయితే కోణం ఆరున్నర డిగ్రీలు. తేడా 70 అయితే 11 డిగ్రీలు దాటుతుంది. పొట్టి షాఫ్టుకు ఇదే తేడా ఇంకా ఎక్కువ కోణం ఇస్తుంది. ఫోన్‌లోని వాలు కొలిచే సదుపాయాన్ని షాఫ్ట్ మీద పెట్టి చూస్తే ఎవరైనా తెలుసుకోవచ్చు. మామూలు ఎత్తులో ఈ కోణం 8 డిగ్రీల లోపు ఉంటేనే రోజువారీ కారుకు సరే అంటాము. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు ఒకే వేగంతో వెళ్లే కారు విషయంలో ఇది ఇంకా కచ్చితంగా పాటించాలి. ఎందుకంటే ప్రతి చుట్టులోనూ బాల్స్ గాడిలో ముందుకూ వెనక్కూ కదిలే దూరం కోణంతో పెరుగుతుంది, దానితో వేడీ పెరుగుతుంది, గ్రీజు ఆ వేడికే చచ్చిపోతుంది.

స్టీరింగ్ కోణం, సస్పెన్షన్ కోణం కలిస్తే మొత్తం ఎంత అని కొందరు రెండింటినీ నేరుగా కూడి భయపడతారు. స్టీరింగ్ 35 డిగ్రీలు, వాలు 12 డిగ్రీలు అయితే మొత్తం 47 కాదు. రెండు కొసైన్‌లనూ హెచ్చించి, ఆ లబ్ధం ఏ కోణపు కొసైనో చూడాలి, సుమారు 37 డిగ్రీలు వస్తుంది.

ఏ గ్రీజు వాడాలి? ఎంత వేయాలి?

బాల్స్ ఉన్న బయటి జాయింట్‌కు మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన, సీవీ జాయింట్ల కోసమే తయారైన గ్రీజు. ట్రైపాడ్‌కు దాని తయారీదారు చెప్పిన గ్రీజు, అది తరచుగా వేరే రకంగా ఉంటుంది. చక్రం బేరింగ్ డబ్బాలో మిగిలినది వేయడం, రెండు రకాలు కలపడం మానుకోవాలి. లిథియం గ్రీజు, పాలీయూరియా గ్రీజు కలిస్తే రెండూ పలచబడే అవకాశం ఉంది. కొలత కార్ల జాయింట్లకు చాలావరకు 80 నుంచి 120 గ్రాముల మధ్య ఉంటుంది, జాయింట్‌తో వచ్చే ప్యాకెట్ ఆ కొలతతోనే వస్తుంది. అందులో ఎక్కువ భాగాన్ని బాల్స్ మధ్యకు వేలితో నొక్కి నింపాలి. బూట్‌లో (జాయింట్‌ను కప్పే మడతల తొడుగు) పిండేసి వదిలితే అది అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది.

పాత గ్రీజును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడడం మంచి పరీక్ష. నల్లగా, జారుడుగా ఉంటే మాలిబ్డినం పని చేస్తున్నట్టే. బూడిద రంగుకు తిరిగి, ఎండలో వెండి పొడిలా మెరిస్తే అది రేస్ నుంచి ఊడిన లోహం. గరగరలాడితే ఇసుక చేరింది. దక్కన్ గ్రానైట్ నేల దుమ్ము ఉక్కును గీసేంత గట్టిది, చిరిగిన బూట్‌తో ఒక వానాకాలం గడిచిందంటే ఆ జాయింట్‌కు కడిగి గ్రీజు మార్చడం వైద్యం కాదు.

బూట్ ఏ రకానిది మంచిది?

రోజువారీ కారుకు థర్మోప్లాస్టిక్ బూట్. క్లోరోప్రీన్ రబ్బరు మెత్తగా ఉండి ఎక్కువ కోణానికి లొంగుతుంది కానీ ఎగ్జాస్ట్ వేడికి పగులుతుంది. కస్టమ్ కార్లలో టర్బో పైపు లోపలి బూట్ పక్కనుంచే పోతూ ఉండడం మామూలు, అక్కడ వేడి ఆపే రేకు పెట్టడం ఖరీదైన బూట్ కొనడం కన్నా మేలు. క్లిప్ బదులు ప్లాస్టిక్ టై కట్టడం ఇల్లు చేరడానికి మాత్రమే.

ఏ శబ్దానికి ఏ అర్థం?

స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా బయలుదేరితే టక్ టక్ మని, వేగంతో పాటు దగ్గరపడుతూ వచ్చే శబ్దం బయటి జాయింట్‌ది. యాక్సిలరేటర్ వేసినప్పుడు ఒకసారి, వదిలినప్పుడు ఒకసారి టంగుమంటే లోపలి జాయింట్‌లోనో, పళ్లలోనో, మౌంటింగ్‌లోనో ఆట ఉంది. తిన్నగా వెళుతున్నా ఆగకుండా వచ్చే హోరు సాధారణంగా చక్రం బేరింగ్‌ది, దానికి యాక్సిల్ మార్పించుకున్నవారు తరచుగా మళ్లీ వస్తారు. చక్రం లోపలి అంచు మీద గ్రీజు చిమ్మిన చారలు కనిపిస్తే శబ్దం కోసం ఎదురుచూడనవసరం లేదు.

విప్పి చూసేటప్పుడు గోరును గాడి పొడవునా మెల్లగా నడిపించాలి. బాల్ ఎక్కువసేపు నిలిచే మధ్య భాగంలో గోరు కొద్దిగా దిగి మళ్లీ ఎక్కితే అక్కడ పల్లం పడినట్టు. కేజ్ కిటికీ అంచును కూడా అలాగే చూడాలి. మెరిసే సన్నని మెట్టు తగిలితే, బాల్స్ ఎంత కొత్తగా కనిపించినా ఆ జాయింట్‌ను తిరిగి వాడకూడదు.

పోర్షే 930 జాయింట్ల పేరు ఎందుకు ఎక్కువగా వినిపిస్తుంది?

వెనుక లేదా మధ్యలో ఇంజిన్ ఉన్న కస్టమ్ కార్లు కట్టేవారికి అది (పాత పోర్షే 911 టర్బో కారు జాయింట్) దాదాపు ప్రామాణిక కొలత అయిపోయింది. పాత ఫోక్స్‌వాగన్ బీటిల్‌ది 94 మిల్లీమీటర్లు, అదే సంస్థ వ్యాన్‌ది 100, పోర్షే 930ది 108 మిల్లీమీటర్ల బయటి వ్యాసం. ఫ్లాంజ్‌లు, షాఫ్టులు, గట్టి కేజ్‌లు విడిగా దొరుకుతాయి కాబట్టి ఒక భాగం పోతే మొత్తం మార్చనవసరం లేదు. చిన్న కారుకు మాత్రం ఇది అనవసరపు బరువు. పేరు గొప్పదని పెట్టించుకోవడం కన్నా లెక్క వేసి చిన్నది సరిపోతే చిన్నదే వాడమని చెబుతాము.

జాయింట్ తిరిగి అమర్చేటప్పుడు సాధారణంగా జరిగే పొరపాట్లు ఏవి?

క్రాస్ గ్రూవ్ జాయింట్‌లో గాడుల మధ్య గోడలు ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకుగా ఉంటాయి. లోపలి రేస్ వెడల్పు గోడ బయటి రేస్ ఇరుకు గోడకు ఎదురుగా రావాలి. తప్పుగా కూర్చితే జాయింట్ బిగుసుకుని జారదు. అలా బిగుసుకున్నదాన్ని సుత్తితో కొట్టి లోపలికి దించినవారు కూడా ఉన్నారు. బాల్స్‌ను ఒక జాయింట్ నుంచి మరొకదానికి మార్చకూడదు, అవి రేస్‌లతో జతగా ఎంచినవి. సర్క్లిప్ (జాయింట్‌ను షాఫ్ట్ మీద పట్టి ఉంచే స్ప్రింగ్ ఉంగరం) ప్రతిసారీ కొత్తది వేయాలి, గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో షాఫ్టును గట్టిగా లాగి చూడాలి.

హబ్ నట్‌కు తయారీదారు చెప్పిన టార్క్‌ను టార్క్ రెంచ్‌తోనే ఇవ్వాలి, నట్లు బిగించే గన్‌తో బిగించి వదలకూడదు. చాలా కార్లలో చక్రం బేరింగ్‌ను కుదురుగా పట్టి ఉంచేది ఆ నట్ బిగువే. అందుకే యాక్సిల్ తీసేసిన కారును చక్రాల మీద తోసుకుంటూ పక్కకు జరిపినా బేరింగ్ పాడవుతుంది.

గట్టిగా తొక్కితే స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోంది. కొత్త యాక్సిల్‌తో పోతుందా?

కారణం రెండు షాఫ్టుల పొడవు తేడా అయితే పోవచ్చు. పొట్టి షాఫ్ట్ ఎక్కువ కోణంలో ఉంటుంది, రెండు జాయింట్ల కోణాల తేడా స్టీరింగ్‌ను తిప్పే బలంగా మారుతుంది. పొడవు వైపున మధ్య షాఫ్ట్, దానికో బేరింగ్ పెట్టి రెండు వైపులా సమాన పొడవు షాఫ్టులు వాడటం అసలైన మార్గం.

ఎడమ జాయింట్‌ను కుడికి, కుడిదాన్ని ఎడమకు మారిస్తే ఎక్కువ కాలం వస్తుందా?

రెండు పక్కలా ఒకే జాయింట్ ఉన్న వెనుక చక్రాల కార్లలో, అరుగుదల తక్కువగా ఉన్నప్పుడు వస్తుంది. ముందుకు వెళ్లే భారం గాడిలో ఎప్పుడూ ఒకే గోడ మీద పడుతుంది, పక్కలు మారిస్తే రెండో గోడ పనిలోకి వస్తుంది. పల్లం పడ్డాక చేస్తే ప్రయోజనం లేదు.

పాత కారును ఎలక్ట్రిక్‌గా మారుస్తున్నాను. జాయింట్ల విషయంలో తేడా ఏమైనా ఉందా?

ఉంది. మోటారు మొదటి చుట్టు నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది, జారి కాపాడే క్లచ్ చాలా మార్పిడుల్లో ఉండదు. అంతకన్నా ముఖ్యమైనది రీజెనరేటివ్ బ్రేకింగ్, అంటే మోటారే జనరేటర్‌గా మారి కారు వేగాన్ని తగ్గించడం. కాలు తీసిన ప్రతిసారీ భారం గాడిలో ఎదురు గోడ మీదికి మారుతుంది, కొంచెం ఆట ఉన్నా టంగుమంటుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల పోటీలో ప్రతి మలుపు ముందూ కార్లు చేసిన పని ఇదే, భారం దిశ మార్చడం. ఇంటి కారుకు మొదటి కొన్ని మిల్లీసెకన్లలో టార్క్ మెల్లగా ఎక్కేలా కంట్రోలర్‌లో అమర్చుకుంటే జాయింట్ మీద పడే దెబ్బ చాలా తగ్గుతుంది, దానికి పైసా ఖర్చు లేదు.

చట్టపరంగా అభ్యంతరం ఉందా?

యాక్సిల్ ఒక్కటీ బలమైనది వేసుకోవడం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలను మార్చదు. అయితే దానికి కారణమైన ఇంజిన్ మార్పు వంటివి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ పరిధిలోకి వస్తాయి, వాటికి ఆర్టీఏ అనుమతి కావాలి. బీమా సంస్థకు కూడా రాతపూర్వకంగా తెలియజేయాలి.

బిగించాక ఎప్పుడు తనిఖీ చేయాలి?

మొదటి వంద కిలోమీటర్ల తరువాత ఫ్లాంజ్ బోల్టుల బిగువును టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడాలి. కొత్త గ్యాస్కెట్, కొత్త పెయింట్ కూర్చునే క్రమంలో అవి కొంచెం వదులవుతాయి, వదులైన ఒక్క బోల్ట్ మిగిలిన అయిదింటినీ తెంపుతుంది. అదే సమయంలో బూట్ మడతల మధ్య వేలు పెట్టి గ్రీజు తడి ఉందేమో చూడాలి. ట్రాక్ మీద నడిపే కారైతే ప్రతి సెషన్ తరువాత ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు బూట్ల వేడినీ కొలిచి రాసుకోవాలి. మిగిలిన మూడింటికన్నా ఒకటి స్పష్టంగా వేడిగా ఉంటే, శబ్దం లేకపోయినా ఆ జాయింట్‌ను విప్పి చూడాలి.